వాగు గట్టు మీది మూడాకులు

నాతోపాటు అద్దెకుండే స్రవంతి పోయిన వారం ఆఫీసు వాళ్ళతో కొండలెక్కడానికి వెళ్ళి, రెండు రోజులు తిరక్కుండానే చేతులు మోచేతుల దాకా ఎర్రగా పొక్కి, గులాబీ రంగు లోషన్ పూసుకుని సోఫాలో కూలబడింది. తడి సుద్దముక్కకు ఆసుపత్రి వాసన తోడైనట్టుండే ఆ లోషన్ వాసన నేను తలుపు తీయగానే మొహానికి కొట్టింది. పొద్దుటి నుంచి మీటింగుల్లో కూర్చుని, గంటసేపు రైల్లో నిలబడి వచ్చిన దాన్ని, బూట్లు విప్పుకునే ఓపిక కూడా లేక గుమ్మంలోనే ఉండిపోయాను. "ఏదో పిచ్చిమొక్క తగిలిందే, ఏం మొక్కో కూడా చూసుకోలేదు" అంది స్రవంతి. ఏం మొక్కో నాకు తెలుసు. అది ఒకప్పుడు ఇదే ఊళ్ళో, మా ఇంట్లో, శివుడి పటం ముందు పూజలో ఉన్న మొక్క. చెబితే పెద్ద కథ, చెప్పే ఓపిక లేదు. ఇంత పెరుగన్నం తిని పడుకున్నాను. ఆ వాసన మాత్రం ముక్కులోంచి పోలేదు, వారమంతా నా వెంటే రైలెక్కి దిగింది.

మేం ఈ డబ్లిన్‌లో ఉన్నది నాకు పదేళ్ళు నిండేదాకా. కాలిఫోర్నియాలో ఉన్న ఈ డబ్లిన్ ఇప్పుడు వీధికో ఇడ్లీ హోటలున్న ఊరు గానీ, రెండు వేల ఒకటి, రెండు ప్రాంతాల్లో మా అపార్ట్‌మెంట్ల వరస దాటితే ఊరు అయిపోయేది. ఆ చివర ముళ్ళకంచె, కంచెలో తోస్తే కిర్రుమనే ఇనప గేటు, గేటు అవతల నానమ్మ వాగు అనీ నాన్న క్రీక్ అనీ పిలిచే సన్నటి ఏరు, దాని వెంట మట్టి బాట, బాటకు అటూ ఇటూ కొండల దాకా పరుచుకున్న గడ్డిబీడు. ఆ బీడులో ఓక్ చెట్లు పాలివాళ్ళు విడిపోయి ఇళ్ళు కట్టుకున్నట్టు దూరదూరంగా నిలబడి ఉండేవి. ఒక్కో చెట్టు కింద గుడారమంత నీడ, ఆ నీడలో నల్లటి ఆవులు, వాటి తోకల చప్పుడు, ఎండిన గడ్డీ పేడా కలిసిన వాసన. ఇవాళ ఎవరైనా నన్ను నీ ఊరేదంటే నోటితో నరసరావుపేట అంటాను గానీ, కళ్ళ ముందుకొచ్చేది మాత్రం ఆ బీడే.

అక్కడ కాలాలు కూడా మనవాటిలా ఉండవు. ఎండాకాలమంతా ఒక్క చినుకు పడదు, కొండలన్నీ కోసేసిన వరిచేను రంగుకి తిరిగి, వాగు చిన్న చిన్న గుంటలుగా తెగిపోయి, ఆ గుంటల్లో పిల్లచేపలు దిక్కులేకుండా తిరుగుతుండేవి. చలి మొదలయ్యాక వానలొస్తాయి. క్రిస్మస్ దాటేసరికి కొండ కొండంతా పచ్చబడి, వాగు రాళ్ళ మీద చప్పుడు చేస్తూ పారుతుంది. నానమ్మ అది చూసి మూతి తిప్పి, "ఈ దేశంలో పంచాంగం రాసినోడెవడో తలకిందులుగా పట్టుకుని రాశాడే అమ్మడూ" అనేది.

నానమ్మ అంటే మా నాన్న తల్లి. నరసరావుపేట పక్కన పల్లె ఆమెది. కొడుకు దగ్గర ఆరు నెలలుందామని రెండు వేల ఒకటి అక్టోబరులో వచ్చింది. చీకటితోనే లేచి పేడకళ్ళాపి చల్లే మనిషికి తివాచీ పరిచిన రెండు గదుల ఇంట్లో ఏం పని ఉంటుంది. వారం తిరిగేసరికి ఆ ఇనప గేటు కనిపెట్టింది. ఇక రోజూ నేను స్కూలు బస్సు దిగే వేళకి, ముతక నేత చీర మీద నాన్న స్వెటరు, కాళ్ళకు అమ్మ పాత బూట్లు, తలకు మఫ్లరు, చేతిలో జంతికలున్న స్టీలు డబ్బా, ఇదీ వేషం, గేటు దగ్గర నిలబడి ఉండేది. నా తోటి పిల్లలు బస్సు కిటికీలోంచి ఆమెకు చేతులూపేవాళ్ళు. ఆమె వాళ్ళందరికీ చేతులెత్తి నమస్కారం పెట్టేది.

ఆ వాగు గట్టున నానమ్మతో నడవడం అంటే నడక కాదు, తీర్థంలో తిరిగినట్టు. ప్రతి అంగడి దగ్గరా ఆగాల్సిందే. ఒక ఓక్ చెట్టుకు మొదలు నుంచి కొమ్మల దాకా వేల బెజ్జాలు, బెజ్జానికో ఓక్ కాయ, ఎర్ర టోపీ వడ్రంగిపిట్ట ఒకటి వచ్చి ముక్కుతో పొడిచి కొత్త కాయ బిగించిపోయేది. నానమ్మ తల వెనక్కి వాల్చి అట్లా చూస్తూ నిలబడి, "చూశావటే, పిట్ట గాదె కట్టుకుంది. మన సుబ్బాయి బాబాయికి ఈ పిట్టకున్నంత జాగ్రత్త లేదు" అనేది. ఆవుల దగ్గర ఇంకోసేపు. మూపురం లేని ఆవుల్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. చెవులకు పసుపుపచ్చ బిళ్ళలు చూసి చెవిపోగులు పెట్టారని ముచ్చటపడింది. పాలు పితకరని తెలిసి, "మరి ఎందుకు మేపుతున్నారురా కోటయ్యా?" అని నాన్ననడిగితే, నాన్న గొంతు సవరించుకుని, "ఊరికే, అందం కోసమమ్మా" అన్నాడు. నానమ్మకి ఆ మాట ఎంతో నచ్చింది.

చెట్టు కింద కూర్చుని పుల్లతో నేలలో గుంటలు తవ్వి, ఓక్ కాయలు పోసి నాకు వామనగుంటలు నేర్పింది. చింతగింజల్లా ఇవి చేతిలో ఇమడవు, జారిపోతాయి, ఆమె విసుక్కుంటూనే ప్రతి ఆటా గెలిచేది. కాయల టోపీలు నా బొమ్మలకు గిన్నెలయ్యాయి. వానలు పడ్డాక ఇంకో వేడుక మొదలైంది. బాట పక్కన పసుపుపచ్చగా పూసిన మొక్కల్ని తుంపి నలిపి వాసన చూసి, "ఇది ఆవమొక్కే" అంది. ఇంటికి తెచ్చి పప్పులో వేస్తే నిజంగా ఆవాకే. ఇంకో రోజు గేటు దగ్గర ఏపుగా పెరిగిన కుచ్చుల మొక్కని నమిలి, "సోంపు" అంది. అదీ సోంపే. అమ్మ భయపడేది గానీ, నానమ్మకి మాత్రం ఆ రెండింటితో గట్టి ధైర్యం వచ్చేసింది. మన భూమిలో మొలిచేదే ఇక్కడా మొలుస్తోంది, పేర్లు మర్చిపోయారంతే అని తేల్చేసింది.

జనవరిలో నాన్న ఉద్యోగం పోయింది. ఆ రోజుల్లో అందరివీ పోతున్నాయి, మా అపార్ట్‌మెంట్లలోనే తెలుగువాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు అమ్ముకుని వెళ్ళిపోతున్నారు. నాన్న చొక్కా ఇస్త్రీ చేసుకుని, గడ్డం గీసుకుని, పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. సాయంత్రం మాతోపాటు నడకకి వచ్చేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని మా కంటే పది అడుగులు ముందు, ఏ చెట్టూ చూడకుండా. రాత్రిపూట అమ్మతో మాట్లాడే మాటల్లో స్టేటస్, ట్రాన్స్‌ఫర్, లాయర్ అనేవే వినపడేవి. నాకర్థమైందల్లా ఒక్కటే. నాన్నకి త్వరగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే మేం ఈ దేశంలో ఉండడానికి లేదు. దేశం సంగతి నాకు తెలియదు గానీ, వాగు పోతుంది, పిట్ట గాదె పోతుంది, గేటు పోతుంది. నేను బడిలో కూర్చుని కూడా అదే భయపడేదాన్ని.

మహాశివరాత్రికి ముందు వారం నాన్నకి శాన్ హోసేలో ఒక ఇంటర్వ్యూ వచ్చింది. ఫోన్‌లో రెండు దఫాలు మాట్లాడేశారు, మనిషిని చూడడమే మిగిలింది. పండగ వెళ్ళిన మూడో రోజుకి రమ్మన్నారు. అమ్మ మొహంలో నెలన్నర తర్వాత రంగు కనిపించింది. "ఇది క్లిక్ అయితే చాలండీ, ఇంకేం అక్కర్లేదు" అంది. నానమ్మ ఆ మాట వింటూనే కోటప్పకొండ ఉన్న దిక్కేదో అడిగి, అది గోడ వెనక ఉందని చెబితే గోడకే దణ్ణం పెట్టి, శివరాత్రి నాడు కోటయ్య చేత మారేడు దళాలతో పూజ చేయిస్తానని మొక్కేసుకుంది. వాళ్ళ వైపు పుట్టిన మగపిల్లల్లో సగం మంది పేర్లు ఆ కొండ స్వామివే, మా నాన్నా కోటేశ్వరరావే. మొక్కుకోవడం తేలిక. మారేడు ఎక్కడిది? అక్కడి గుడిలో అడిగితే డబ్బాలో దాచిన ఎండుటాకు పొడి చూపించారు. "పొడితో పూజేందిరా, తలంటుకోవడానికా" అని నానమ్మ కొట్టిపారేసింది.

పండగ ముందు రోజు సాయంత్రం వాగు గట్టున నేనూ నానమ్మా మాత్రమే ఉన్నాం. నీళ్ళ వైపు దిగే ఏటవాలులో, ఓక్ చెట్టు మొదట్లో, మోకాలెత్తు గుబురు ఒకటి కొత్తగా చిగురేసి ఉంది. ఆకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఒకే కాడకు మూడేసి. నానమ్మ అడుగు తీసి అడుగు వేయలేదు.

ఆ ఆకు బొమ్మ మా క్లాసు గోడ మీద ఉంది. మా టీచరు ఏటా వానలయ్యాక దాన్ని చూపించి చెబుతుంది. "నానమ్మా, అది టచ్ చేయొద్దు. మూడు లీవ్స్ ఉంటే టచ్ చేయొద్దని టీచర్ చెప్పింది. స్కిన్ అంతా బర్న్ అవుతుంది" అన్నాను, నాకొచ్చిన తెలుగులో.

నానమ్మ నా వైపు జాలిగా చూసింది. "పిచ్చిదానా, మూడాకులంటే శివుడి మూడు కళ్ళు. వాళ్ళకేం తెలుసు. దీనికి ముళ్ళు లేవు, మారేడు వాసనా లేదు, ఆ మాట నాకూ తెలుసు. ఆవాలిచ్చినోడు, సోంపిచ్చినోడు ఇదొక్కటీ ఇయ్యడా? శివుడాజ్ఞ లేందే చీమైనా కుట్టదే" అని, చీర కుచ్చెళ్ళు దోపుకుని గట్టు దిగింది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. విడిపించుకుని ఒడి నిండా కోసుకుంది. మూడాకులున్న మొక్కని ముట్టుకోకూడదని పిల్లలకి నేర్పే దేశంలో, మూడాకులు తప్ప ఇంకేవీ స్వామికి పనికిరావనే మనిషి. ఆ దేశానికీ ఈమెకీ మధ్య పదేళ్ళ పిల్ల ఏం చెబుతుంది.

పండగ రోజు ఇల్లంతా ఉడికిన చిలగడదుంపల వాసన, అగరొత్తుల వాసన. పొగ తగిలితే కప్పుకున్న గంట మోగుతుందని అమ్మ కిటికీలన్నీ తీసిపెట్టింది. నానమ్మ ఆకుల్ని ఒక్కొక్కటే కడిగి, చిరుగులున్నవి ఏరి, వెండి పళ్ళెంలో పేర్చింది. నాన్నకి ఈ పూజల మీద పెద్ద నమ్మకం లేదు. అయినా తల్లి మాట కాదనలేక పొద్దుటినుంచి ఉపవాసముండి, తడిబట్టతో కూర్చుని, ఆమె నామాలు చెబుతుంటే ఒక్కో దళమే స్వామి పటం ముందు పెట్టాడు. చివరికి ఆమె పూజలో ఆకుల్ని దోసిట్లోకి తీసి ఇచ్చింది. మనవాళ్ళం దేవుడి దగ్గరిది ఏదిచ్చినా చేసేదే నాన్న కూడా చేశాడు. కళ్ళకద్దుకున్నాడు. అందరిలా అద్ది తీసేయలేదు, ఆ ఆకుల్లో మొహం పెట్టుకుని అలాగే ఉండిపోయాడు, భుజాలు కదిలాయి. నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే. నానమ్మ ఒక దళం తీసి నా జడలో కూడా తురిమింది.

తెల్లారి నాన్న కళ్ళు దురదన్నాడు. ఆ మర్నాటికి, అంటే ఇంటర్వ్యూకి ముందు రోజుకి, రెప్పలు రెండూ బూరెల్లా ఉబ్బి, బుగ్గల మీద, చేతుల మీద నీటిపొక్కులు లేచి, కళ్ళున్నచోట సన్నటి గీతలు మిగిలాయి. నా మెడ వెనకా పొక్కింది. నానమ్మ గడ్డం పట్టుకుని నాన్న మొహాన్ని వెలుతురు వైపు తిప్పి చూసి, చప్పున వదిలేసింది. "ఇది నల్లజీడి పొక్కు. మామిడి సొన తగిలినా ఇట్టాగే లేస్తది. ఆ జాతిదే ఇదీ" అంది మెల్లగా. తర్వాత తన చేతులు చూసుకుంది. అరచేతులు, వెనక, మళ్ళీ అరచేతులు. ఒడి నిండా కోసి, కడిగి, పేర్చిన ఆ చేతులకి ఒక్క పొక్కు లేదు. "నాకేం కాలేదేంది" అని ఆ సాయంత్రమంతా చేతులు తిప్పి చూసుకుంటూనే ఉంది. పొక్కి ఉంటేనైనా ఆమె ప్రాణం కాస్త కుదుటపడేదని నాకిప్పుడనిపిస్తుంది.

ఇంటర్వ్యూ వాయిదా అడిగితే ఆ వారం దాటితే కుదరదన్నారు. నాన్నకి కారు నడిపేంత చూపు ఆనడం లేదు. లైసెన్సు కొత్తగా తీసుకుని కిరాణా షాపు దాటి ఎప్పుడూ వెళ్ళని అమ్మ, పళ్ళు బిగపట్టి ఫ్రీవే ఎక్కి శాన్ హోసే దాకా తీసుకెళ్ళింది. నాన్న గులాబీ రంగు లోషన్ తుడిచేసి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, టై కట్టుకున్నాడు. ఇల్లంతా ఆ లోషన్ వాసనే. నానమ్మ కిటికీ పక్క కుర్చీలో మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంది. తిరిగొచ్చి నాన్న "బాగానే జరిగిందమ్మా" అన్నాడు. అక్కడ చెయ్యి కలపబోతే అవతలివాళ్ళు చేతులు జేబుల్లోంచి తీయలేదని, కూర్చున్న కుర్చీని కూడా దూరంగా జరిపారని అమ్మ చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. మొహం మామూలుగా ఉంటే వచ్చేదా అంటే, ఎవరు చెప్పగలరు.

ఏప్రిల్లో సామాన్లు సర్దేశాం. కొండలు అప్పుడు ఎంత పచ్చగా ఉన్నాయో, వాగు గట్టంతా నారింజరంగు పూలు. ఆఖరి రోజు నడుద్దాం రమ్మని నేను నానమ్మని బతిమాలాను. ఆమె గేటు దాకా వచ్చి, ఇనప కడ్డీ మీద చెయ్యి వేసి నిలబడి, "నువ్వు పోయిరా అమ్మడూ, నా కాళ్ళు రావట్లేదు" అంది. నేనొక్కదాన్నే వెళ్ళి పిట్ట గాదెని చూసి వచ్చాను.

నరసరావుపేటలో నాన్న కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాడు, నేను నానమ్మ పక్కన కూర్చుని పలక మీద తెలుగు దిద్దుకున్నాను. మా వీధి చివర శివాలయంలో నిజమైన మారేడు చెట్టుంది, ముళ్ళతో, వాసనతో. నానమ్మ మళ్ళీ దాని ఆకు ముట్టలేదు. శివరాత్రికి తుమ్మిపూలతో సరిపెట్టేది. కొడుకు బతుకు తన చేత్తో కూలదోశానని ఆమె మనసులో స్థిరపడిపోయింది. "ఆ ఏడు ఎవరికీ రాలేదమ్మా ఉద్యోగాలు, నా మొహం చంద్రబింబంలా ఉన్నా వచ్చేది కాదు" అని నాన్న ఎన్ని వందల సార్లు చెప్పాడో. "నువ్వు నన్ను ఓదార్చమాక" అనేదే తప్ప ఒప్పుకునేది కాదు.

మాటలతో లాభం లేదని నాన్నకే తోచినట్టుంది. ఒక సోమవారం పొద్దున్నే స్నానం చేసి, గుడికెళ్ళి, మారేడు దళం ఒకటి కోసుకొచ్చాడు. కాఫీ తాగబోతున్న నానమ్మ ఎదురుగా నిలబడి దాన్ని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. తర్వాత కళ్ళు పెద్దవి చేసి, ఆమె మొహం దగ్గరగా వంగి, "చూడమ్మా, ఏం కాలేదు" అన్నాడు. ఆమె ఆ కళ్ళలోకి చూసి, కాఫీ తాగింది. ఇక ప్రతి సోమవారం అంతే. దేవుణ్ణి నమ్మని మనిషి, వానొచ్చినా, జ్వరమొచ్చినా, ఆకు తెచ్చి అద్దుకుని కళ్ళు చూపించేవాడు. ఆమె చూసి గాని కాఫీ ముట్టేది కాదు. పోయే ముందు వారం మాట పడిపోయింది. నాన్న అలవాటుగా వంగి కళ్ళు చూపిస్తే, చెయ్యెత్తి ఆ రెప్పల్ని వేళ్ళతో తడిమింది.

ఇవన్నీ స్రవంతి లోషన్ సీసా తవ్విపోసింది. చదువుకోసమని వచ్చి, ఉద్యోగమని తిరిగి తిరిగి ఇదే ఊళ్ళోకి వచ్చి పడ్డాను గానీ, రెండేళ్ళుగా ఆ గేటు వైపు వెళ్ళే ధైర్యం చేయలేదు, శనాదివారాలు నిద్రకే చాలవని వంక. నిన్న ఆదివారం సాయంత్రం వెళ్ళాను. గేటు లేదు. కంచె లేదు. ఆవులు లేవు. బీడంతా ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు. మట్టి బాట మీద తారు పోశారు. వాగుకి అటువైపు సిమెంటు గోడ. పిట్ట గాదె ఉన్న చెట్టు ఏదో తేల్చుకోలేక, మిగిలిన రెండు చెట్ల చుట్టూ తిరిగాను. రెండింటికీ ఒక్క బెజ్జం లేదు. వామనగుంటలాడిన నేల మీద ఎవరిదో గరాజ్ ఉంది. వెనక్కి తిరగబోతుంటే, నీళ్ళ వైపు ఏటవాలులో, హెచ్చరిక బోర్డు పక్కనే, మూడాకులు. నూనె రాసినట్టు మెరుస్తూ, ఎవరూ ముట్టకపోవడం వల్ల కాబోలు, నా నడుమెత్తు పెరిగి ఉన్నాయి. నానమ్మకి ఇష్టమైనదేదీ మిగల్లేదు. ఆమెను ఏడిపించింది మాత్రం నిక్షేపంలా ఉంది. నాకు అక్కడే, తారు మీదే కూర్చోవాలనిపించి, కూర్చున్నాను.

నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ సోమవారం పొద్దున.

"ఏందమ్మా, ఈ వేళప్పుడు?" అన్నాడు. గుడి గంట వినపడుతోంది వెనక.

"గుడి దగ్గరున్నావా? ఆకు కోశావా?"

"కోశా."

"నానమ్మ లేదుగా నాన్నా. ఇంకా ఎందుకు?"

"అలవాటైపోయింది. కోసుకుంటా, అద్దుకుంటా. కళ్ళు తెరిచి చూపిద్దామంటేనే ఎవరూ లేరు."

"వీడియో ఆన్ చెయ్యి" అన్నాను.

ఫోన్‌తో కాసేపు తంటాలు పడ్డాడు. ఆకాశం కనపడింది, మారేడు కొమ్మ కనపడింది, తర్వాత తెల్లజుట్టు, ముడతలు పడ్డ నుదురు. నాన్న కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి ఫోన్‌కి దగ్గరగా వంగాడు.

"చూశాను నాన్నా" అన్నాను. "ఏం కాలేదు. ఇంటికెళ్ళి కాఫీ తాగు."